ఘాటు రాని మిరపకాయలు

పలుకు 1

నా పేరు బత్తుల అంకమ్మ. చంద్రుడి మీద మూడో సొరంగం ఊళ్ళో, మిరపతోట వీధిలో ఉంటాను. చదువు రాదు. విచారణ రోజు వచ్చేదాకా నా తరఫు మాటలు చెప్పుకోమని, ఊరి గాలిని చూసుకునే గాలి ఆఫీసు వారు ఈ రాతపెట్టెను ఇచ్చారు. నేను మాట్లాడితే ఇది పుస్తకాల తెలుగులో రాస్తుంది. అడిగితే చదివి వినిపిస్తుంది. ఇచ్చినందుకు సంతోషమే. అయితే పొద్దున నేను "ముదనష్టపోళ్ళు" అన్నచోట ఇది "గౌరవనీయులైన అధికారులు" అని రాసుకుంది. చదివించుకుని విన్నాను కాబట్టి సరిపోయింది. అదంతా తుడిపించి మొదటి నుంచి చెబుతున్నాను. నా మాటలకు పౌడరు రాయవద్దని, ఎవరు అన్న మాట వాళ్ళ యాసలోనే ఉంచమని పెట్టెకు గట్టిగా చెప్పాను.

సంగతి ఇది. "రెండు పెనాలు" హోటల్లో భోజనానికి కూర్చుని నేను మిరపకాయలు కాల్చాను. అదే సమయానికి గాలి ఆఫీసు వారి సభామందిరంలో ఘాటు కమ్ముకుని, లోపలున్న పెద్దలంతా దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ బయటికి పరుగెత్తారు. ఊరంతా గంటలు మోగాయి. అది నా పనేనన్నారు. తప్పు నాది అన్నవారు సీలు మాత్రం హోటల్ పొయ్యికి వేశారు. విచారణలో నా మాట నిలవకపోతే ఆ పొయ్యిని పీకేస్తారు.

పీకేస్తే ఏం పోతుందో భూమి మీద ఉన్నవారికి అర్థం కాదు. ఇక్కడ మనిషి బరువు తక్కువ. ఒంట్లోని నీరంతా తలకెక్కి ముక్కు ఎప్పుడూ దిబ్బడగానే ఉంటుంది. ఏం తిన్నా తడిపిన అట్టముక్క నమిలినట్టే. ఇళ్ళలో నిప్పు పెట్టుకోకూడదు. గోడలోని గొట్టం నొక్కితే గిన్నెలోకి ముద్ద పడుతుంది, అదే భోజనం. మనిషి తన చేత్తో, మన కళ్ళెదుట, కాలే పెనం మీద వండి వడ్డించే చోటు సొరంగం మొత్తానికి ఆ హోటల్ ఒక్కటే. వారమంతా గొట్టం ముద్ద తిని, శుక్రవారం అక్కడికి వెళ్ళి కూర్చుంటే ముక్కు తెరుచుకుంటుంది, పక్కవాడి మొహం కనిపిస్తుంది. ఆ పొయ్యి పోయినా మేము బతుకుతాం. కాకపోతే ఎవరి గదిలో వాళ్ళం బతుకుతాం.

పలుకు 2

ఆ శుక్రవారం జరిగింది జరిగినట్టు చెబుతాను.

హోటల్ నడిపేది మొగుడూ పెళ్ళాం. బాజీ మా పల్నాడు వాడే. వాడి తాత, నేను ఒకే బండిలో ఇక్కడికి మిరపకోతకు వచ్చాం. యంత్రాలు కాయను నలిపేస్తున్నాయని మనుషుల చేతులు కావలసి వచ్చిన కాలం అది. బాజీ పెళ్ళాం సోలెదాద్. వాళ్ళవాళ్ళు మెక్సికో నుంచి మొక్కజొన్న వేయడానికి వచ్చారు. నేను సోలమ్మ అంటాను, పలుకుతుంది. తెలుగు మొగుడి దగ్గర నేర్చుకుంది కాబట్టి అచ్చం పల్నాడు యాసలోనే తిడుతుంది.

వాళ్ళిద్దరి వంట ఎలా ఉంటుందంటే, గోంగూరనే తీసుకోండి. మనం ఆకు పచ్చడి చేసుకుని మిగతా మొక్క పారేస్తాం. సోలమ్మ వాళ్ళు ఆ పూల ఎర్ర తొడుగులను ఎండబెట్టి పానకం కాచుకుని, ఆకు పారేసేవారట. ఇక్కడ ఇద్దరూ కలిసి మొక్కంతా వండేస్తారు. మొక్కజొన్న రొట్టె మడిచి మధ్యలో గోంగూర, రొయ్యలు పెట్టి టాకో అంటారు. పక్కన చిన్న గిన్నెలో ఉలవచారు. తాగడానికి ఆ ఎర్ర పానకం. మిరపకాయ పుట్టింది తమ దేశంలోనేనని సోలమ్మ అప్పుడప్పుడూ గొప్పలు పోతుంది.

"పుట్టినిల్లు మీదైతే మెట్టినిల్లు మాదే. కాపరం యాడ జేసిందో అది జూడు," అంటాను నేను.

నాతో ఎప్పుడూ వచ్చేది సువార్తమ్మ. తోటలో నా పక్క సాలు కోసిన మనిషి. ఆ రోజు ఇద్దరం నడుముకు ఇసుక పట్టీలు బిగించుకుని, ఎగిరిపోకుండా చేయీ చేయీ పట్టుకుని వెళ్ళాం. కూర్చున్నాం. సోలమ్మ రొట్టెలు తెచ్చింది. చూస్తే అంచులన్నీ బీటలు. ఒక్కటీ పొంగలేదు.

"ఏందే ఇయ్యి? అరికాళ్ళ పగుళ్ళ మాదిరి ఉండాయి," అన్నాను.

"ఏమో అత్తా. నాలుగు పూటల్నుంచి ఇదే గోల. పిండి పిసికి పెనం కాడ పెట్టేసరికి ఎండిపోతంది. నా చేతుల్లోనే ఏదో తేడా వచ్చినట్టుంది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని చేతులు దానికి ప్రాణం.

అప్పుడు నాకు వెలిగింది. ముందు వారమే భూమి నుంచి పెద్దమనుషులు చుట్టం చూపుగా వచ్చి, ఇక్కడే భోంచేసి, దాని చేతులను ఫోటోలు తీసుకున్నారు. ఏం చేతులు, ఏం చేతులు అని నోరారా అన్నారు. ఒక్కడైనా థూ అని ఉమ్మలేదు.

"దిష్టి గొట్టిందే నీకు," అన్నాను.

"మా అమ్మమ్మ కోడిగుడ్డుతో తీసేది అత్తా. ఒళ్ళంతా దొర్లించి గిన్నెలో పగలగొడితే..."

"గుడ్డు తినేదానికి దాసుకో. ఎండుమిరపకాయలు, ఉప్పు పట్రా."

సువార్తమ్మ మూతి తిప్పింది. "నేను ప్రార్థన చేసుకుంటా వదినా. నీ సైతాను పనులు నువ్వు కానీ," అని కళ్ళు మూసుకుంది. ఒక కన్ను మాత్రం సగమే మూసింది.

దిష్టి పొగకు మూత పెట్టకూడదు. పెనం మీద ఉండే, పొగను పైకి లాగే మూతను ఆపేయమన్నాను. బాజీ ఆపాడు. ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టి సోలమ్మ చుట్టూ తిప్పి, మూడుసార్లు ఉమ్మించి, తీసుకెళ్ళి పెనం మీద వేశాను. దిష్టి తీసినదాన్ని వెనక్కి తిరిగి చూడకూడదు. నేను పెనానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఎవరూ చూడొద్దన్న నా కేకకు హోటల్లో ఉన్నవాళ్ళంతా మొహాలు అటు తిప్పుకుని, కొంగులూ రుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకుని దగ్గు కోసం కాచుకున్నారు.

దగ్గు రాలేదు. మిరపకాయలు చిటపటమన్న చప్పుడు వినిపించింది. అంతే. ఒక్క గొంతు కూడా గీరుకోలేదు. ఘాటు వస్తే దిష్టి లేనట్టు. రాలేదంటే ఉన్నట్టే. ఎంత రాకపోతే అంత గట్టి దిష్టి. పుట్టి బుద్ధెరిగాక నేను అంత గట్టిది చూడలేదు.

"చూశారంటరా! ఒక్కళ్ళకన్నా దగ్గొచ్చిందా?" అని నేను అరుస్తుండగానే బయట గంటలు మోగాయి.

పలుకు 3

ఇవాళ గాలి ఆఫీసు నుంచి పరాంకుశం అనే అధికారి వచ్చి నన్ను ప్రశ్నలు అడిగాడు. సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకుని, మర్యాదగా ఉంటాడు. అరిచేవాడితో నాకు భయం లేదు. మర్యాదగా అడిగేవాడితోనే జాగ్రత్తగా ఉండాలి.

"మామ్మగారూ, పొగను లాగే మూత ఆపించారా?"

"ఆపించా."

"మూత లేకుండా గుప్పెడు మిరపకాయలు కాలిస్తే ముందుగా ఎవరు దగ్గాలి?"

"కాల్చినోళ్ళే దగ్గాల."

"మీలో ఎవరైనా దగ్గారా?"

"దగ్గలా. అదేగా నేను మొత్తుకునేది. దిష్టి మింగేసింది ఘాటునంతా."

"మీ అందరికీ ముక్కులు దిబ్బడ వేసి ఉండవచ్చు కదండీ?"

"ముక్కుకి దిబ్బడైతే గొంతుకేం రోగం నాయనా?"

ఆయన తల ఊపాడు. ఆ మాట ఆయనకు నచ్చింది. నచ్చడమే నా ప్రాణం మీదికి వచ్చింది.

"నేనూ అదే అంటున్నానండీ. హోటల్లో కాల్చి ఉంటే హోటల్లో అందరూ దగ్గి తీరాలి. దగ్గలేదంటే అక్కడ కాల్చలేదు. మందిరంలో మేమంతా దగ్గాం. నేనూ అక్కడే ఉన్నాను. అంటే మీరు ఆ పొయ్యి నిప్పు కుండలో పట్టుకొచ్చి మా గుమ్మం ముందు కాల్చారు."

మందిరం ఎక్కడుందో చెప్పాలి. హోటల్ పెనం వెనక అడ్డుగోడ ఉంది. దానికి అవతలి సొరంగంలోనే మందిరం. కానీ ఇటు నుంచి అటు పోవాలంటే వీధి చుట్టూ తిరిగి, మధ్యలో గాలి తలుపులు దాటి పోవాలి. ఒక సొరంగం పగిలి గాలి పోయినా రెండోది బతకాలని కట్టిన గోడ అది. చీమ తల కూడా దూరదని ఇక్కడి పిల్లలకు మాటలు రాగానే నేర్పుతారు. ఆ గోడ మీద ఎవరికీ అనుమానం లేదు. నాకూ లేదు.

"నా కాళ్ళతో ఆ తలుపులన్నీ దాటి, కుండ మోసుకొచ్చానా? నడుము పట్టీ ఇప్పితే గాల్లో గుమ్మడికాయలా తేలిపోయే ముసలిదాన్ని!"

"పోనీ, మీరు పెనం మీద వేసిన పొగ ఎటు పోయింది? చూశారా?"

"ఎట్టా చూస్తాం? దిష్టి తీసినాక చూస్తారా ఎవరన్నా? మీ అమ్మ నేర్పలా నీకు?"

"హోటల్లో ఒక్కరూ చూడలేదా?"

"పద్ధతి తెలిసినోళ్ళు నాయనా అందరూ."

ఆయన నిట్టూర్చాడు. వెళ్ళేముందు ఒక దారి చూపించాడు. మందిరం గుమ్మం దగ్గర కాల్చానని నేను ఒప్పుకుని వేలిముద్ర వేస్తే తప్పు పొయ్యిది కాదు, నాది అవుతుంది. పొయ్యి సీలు తీసేస్తారు. నేను మాత్రం ఇక జన్మలో ఏ భోజనశాలలోనూ కూర్చోకూడదు. ఒప్పుకోకపోతే అబద్ధమాడినట్టు లెక్క, పొయ్యి పోయినట్టు లెక్క.

నేను అబద్ధం ఆడితే నిజం చెప్పినట్టు రాసుకుంటారట. నిజం చెబితే అబద్ధమట. రాతపెట్టే, ఇది సరిగ్గా రాసుకున్నావా? మళ్ళీ చదువు.

పలుకు 4

సాక్షులను పిలిపించారు. నా వైపు వారంతా ఉన్నది ఉన్నట్టే చెప్పారు. అదే నా కొంప ముంచింది.

సువార్తమ్మ తన బైబిలు మీద చేయి వేసి, నిటారుగా నిలబడి, "దేవుడి సాక్షిగా చెప్తన్నా, ఒక్కళ్ళు కూడా దగ్గలా. నేనైతే తుమ్మను కూడా తుమ్మలా," అని చెప్పి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుని, "గట్టిగా చెప్పా వదినా, అదిరిపోయారు," అంది.

"అదిరిపోరూ? నా మెడకు ఇంకో ముడి ఏసొచ్చావుగా! దగ్గి సచ్చామని చెప్తే పోయేదిగా!"

"నువ్వే గదే నిజం చెప్పమంది?"

నిజమే, నేనే అన్నాను.

వీధిలో జనం మొహాలు మారిపోయాయి. నీళ్ళ వరుసలో నిలబడితే నా ముందున్నవారు వెనక్కి తిరగరు. ముసలిదాని మొండితనానికి మన నోళ్ళు చప్పబడ్డాయని నాకు వినపడేట్టే అనుకుంటున్నారు. సాయంత్రం బాజీ వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నిన్ను అడగకూడదు. అయినా అడుగుతున్నా. ఆ ముద్రేదో ఏసెయ్."

"ఏసి?"

"నీ కూడు నేనే ఇంటికి తెచ్చిస్తా. రోజూ. వేడివేడిగా. హోటల్లో కూకోకపోతే ఏంది?"

"నేను నీ హోటల్‌కి కూడు కోసమే వస్తన్నాననుకున్నావంట్రా ఇన్నాళ్ళూ?"

వాడు తల వంచుకున్నాడు. "పొయ్యి పోతే సోలెదాద్ ఉండదు పెద్దమ్మా. మనిషి ఉంటది. అది ఉండదు." అనేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు తగిలింది. తగలలేదని చెబితే అది అబద్ధం.

పలుకు 5

పొద్దున్నే సోలమ్మే వచ్చింది. మొగుడిలా గడపలో నిలబడలేదు. లోపలికొచ్చి నా మంచం మీద ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పని లేని చేతులు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉన్నాయి.

"అత్తా, ఒక్కటే అడుగుతా. నువ్వు కాల్చింది నా పెనం మీదేగా?"

"నీ కళ్ళెదురుగానేగా ఏసింది."

"నేనూ ఎనక్కి తిరిగున్నా. నువ్వే తిరగమంటివి."

నా కోడలి వరస పిల్ల, నా చేతి ముద్ద తిన్న పిల్ల, నన్ను అలా అడిగింది. నా కోపం నెత్తికెక్కింది. దాని మీద కాదు. దాని చేత అలా అడిగించిన వాళ్ళ మీద.

"ముద్ర ఏస్తానే," అన్నాను. "నీ పొయ్యి కోసం ఏస్తా. వాళ్ళకేం కావాలో అదే చెప్తా. కానీ అంతకుముందు ఇంకోసారి తీస్తా దిష్టి. అదే పెనం మీద, అదే మాదిరి, ఆ పరాంకుశాన్ని ఎదురుగా కూకోబెట్టి. వాడు దగ్గితే నేను అబద్ధాలకోరునే. అక్కడే ముద్ర గుద్దేస్తా. దగ్గలేదనుకో..."

"దగ్గకపోతే?"

"అప్పుడు నాకు తెలవదు. వాడే చెప్పాల. చదువుకున్నాడుగా."

సోలమ్మ మంచం మీది నుంచి లేచింది. "ఏ కాయలు కావాల అత్తా?" అని అడిగింది.

అప్పుడే గాలి ఆఫీసుకు కబురు పంపాను. పని చేసి చూపిస్తానని అడిగే హక్కు నేరం మోపబడిన ప్రతివారికీ ఉందట. పరాంకుశం ఒప్పుకున్నాడు. ఒక్క భోజనానికి సరిపడా సీలు తీస్తామన్నాడు. వాళ్ళ మనిషిని ఒకణ్ణి మందిరంలో కూర్చోబెడతానన్నాడు, ఈసారి నేను ఎవరి చేతైనా అక్కడ కుండ పెట్టిస్తానేమోనని. పెట్టుకోమన్నాను. కుర్చీ కూడా వేయమన్నాను.

పలుకు 6

జరిగింది చెబుతున్నాను. మాట్లాడి మాట్లాడి గొంతు కొంచెం బొంగురుగా ఉంది, పెట్టె సర్దుకోవాలి.

హోటల్ నిండిపోయింది. నన్ను తిట్టుకున్న వాళ్ళు కూడా వచ్చారు, పొయ్యి వెలుగుతుందంటే ఎవరు ఆగుతారు? పరాంకుశం తన చేత్తోనే సీలు విప్పాడు. పెనం కాలిన వాసనకే కొందరు కళ్ళు మూసుకున్నారు. ఖాళీ కడుపుతో దిష్టి తీయించుకోకూడదు కాబట్టి ముందు భోజనం అన్నాను. ఆయనకు గోంగూర టాకో పెట్టింది సోలమ్మ. అంచులు మళ్ళీ బీటలే.

ఆయన ఫోర్కు అడిగాడు.

"ఓయబ్బో! రొట్టెని పొడుసుకుని తింటారా మీ ఆఫీసులో? చేతులున్నాయిగా దేవుడిచ్చినయ్యి."

చేత్తో తిన్నాడు. ఉలవచారు చుక్క ఒకటి రొట్టె కొసనుంచి జారి, ఇక్కడి పద్ధతిలో మెల్లగా దిగుతుంటే, మెడ చాచి నాలుకతో అందుకున్నాడు. అందుకుని చుట్టూ చూశాడు, ఎవరైనా చూశారేమోనని. సువార్తమ్మ చూసింది. "కడుపు నిండా తిను నాయనా, తీర్పు తర్వాత చెబుదువు," అంది. హోటలంతా నవ్వింది. ఆయన ఇంకో రొట్టె అడిగాడు.

తిన్నాక ఆయన్ను పెనానికి ఎదురుగా కూర్చోబెట్టాను.

"నాకెందుకండీ?"

"దిష్టి ఉత్తినే గాలికి తీస్తారా? మడిసి ఉండాల. నువ్వే కూకో."

ఆయన చుట్టూ తిప్పాను. "ఆఫీసు దిష్టి, అద్దాల దిష్టి, భూమ్మీది దిష్టి, సందమామ మీది దిష్టి, అన్నీ పో! ఉమ్ము. గట్టిగా ఉమ్ము నాయనా, సిగ్గేంది?" ఉమ్మాడు. మిరపకాయలు పెనం మీద వేసి, మూత ఆపించి, నేను వీపు పెట్టి నిలబడ్డాను. అందరూ తిరిగారు.

చిటపటలు వినిపించాయి. లెక్క ప్రకారం ఇప్పుడు ఊపిరాడకూడదు. నా గొంతు నాకు చల్లగా ఉంది. వెనక ఎవరూ దగ్గలేదు. ఆ అధికారి కూడా దగ్గలేదు. నాకు గెలిచినట్టే అనిపించింది.

"మామ్మగారూ," అన్నాడు పరాంకుశం. గొంతు మారిపోయింది. "ఇటు తిరగండి."

"తిరక్కూడదు. నువ్వు గానీ చూస్తన్నావా ఏంది? చూడమాక! దిష్టి పోదు!"

"చూస్తున్నానండీ. మీరూ చూడండి."

నేను తిరగలేదు. సోలమ్మ తిరిగింది. వాళ్ళ భాషలో పెద్దగా కేక పెట్టింది. అప్పుడిక నేనూ చూశాను.

పొగ పైకి లేవడం లేదు. పెనం మీద పుట్టింది పుట్టినట్టే వెనక్కి వంగి, తూములోకి నీళ్ళు పోయినట్టు, అడ్డుగోడలోకి పోతోంది. పెనం వెనక గరిటెలు పెట్టుకునే అరుగు కింద, గోడ అతుకు దగ్గర సన్నటి గీత. పొగ అంతా ఆ గీతలోకి దూరి మాయమవుతోంది. పరాంకుశం జేబులో ఫోను మోగింది. తీశాడు. అవతల మందిరంలో కూర్చోబెట్టిన మనిషి మాట్లాడలేక దగ్గుతున్నాడు. ఆ దగ్గు మా అందరికీ వినపడింది.

ఆయన మొహంలో రక్తం లేదు. అయినా గొంతు పెంచలేదు. "బాజీగారూ, పొయ్యి ఆపండి. అందరూ మెల్లగా లేవండి. తోసుకోవద్దు. మొదటి గాలి తలుపు దాటి వీధిలోకి నడవండి. అడ్డుగోడ పగిలింది."

ఎవరూ కేకలు పెట్టలేదు. ఇక్కడ పెరిగినవారికి ఆ మాట అంటే ఏమిటో తెలుసు. ఒక్క సువార్తమ్మ అడిగింది, "కంచాలు తెచ్చుకోవచ్చా?" అని. తెచ్చుకోమన్నాడు.

తలుపు దాటాక వీధిలో నేల మీద వరుసగా బంతి కూర్చుని మిగతా భోజనం తిన్నాం. భయం వేసినప్పుడు చేతిలో కంచం ఉంటే మనిషి నిలబడతాడు. పరాంకుశం మాత్రం అటూ ఇటూ నడుస్తూ మనుషులను పిలిపిస్తున్నాడు. మధ్యలో వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని చెప్పాడు. మొన్న చంద్రుడి నేలకు వచ్చిన కంపానికి గోడ చిట్లి ఉంటుందట. రెండు వైపులా గాలి దాదాపు సమానంగానే ఉంటుంది కాబట్టి వాళ్ళ కొలతలకు ఆ చిట్లడం దొరకలేదట. మందిరంలో కొత్తగా పెట్టిన పంకాలు తిరిగినప్పుడల్లా మా వైపు గాలిని లాక్కుంటున్నాయట. సోలమ్మ పిండి ఎండిపోవడమూ అందుకేనట. రెండు సొరంగాల్లో ఏ ఒక్కటి పగిలినా... అని ఆగిపోయాడు. బంతి చివర పిల్లలు పానకం తాగుతున్నారు.

"అయితే నా మాట నిజమా, కాదా?" అన్నాను.

"నిజమండీ."

"నాకు చెప్తే ఏం లాభం? నన్ను అబద్ధాలకోరన్నది వీధంతా విన్నది."

ఆయన లేచాడు. బంతి మధ్యలో నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పాడు. "అంకమ్మగారు కాల్చింది హోటల్లోనే. ఆవిడ అబద్ధం ఆడలేదు. నేనే తప్పుగా అనుకున్నాను."

నీళ్ళ వరుసలో నాకు వీపు చూపించిన వారంతా ఇప్పుడు తమ కంచాల్లోకి చూసుకున్నారు. సోలమ్మ నా పక్కకు జరిగి, తన రొట్టెలో సగం తుంచి నా కంచంలో వేసింది. నేను ముందు అదే తిన్నాను.

పలుకు 7

గోడ అతికారు. అతికేవాళ్ళు రబ్బరు లాంటి మందు ఏదో కూరి, పైన రేకు కొట్టి, బాగయిందన్నారు. నా మీద కేసు ఎత్తేశారు. అయినా పొయ్యి సీలు తీయలేదు. గాలి ఆఫీసులో పరాంకుశం పైనున్నవారికి కొత్త అనుమానం పట్టుకుంది. అడ్డుగోడ పక్కన అసలు పొయ్యే వద్దన్నారు. గోడ చిట్లింది పొయ్యి వల్ల కాదని తెలిసినా వద్దన్నారు. పెద్దలకు ఒకసారి దగ్గు వచ్చిందంటే వాళ్ళకు చాలాకాలం గుర్తుంటుంది.

పరాంకుశమే ఒక మాట పట్టుకుని వాళ్ళతో వాదించాడు. గోడ నిజంగా అతుక్కుందో లేదో కొలతలు చెప్పలేవు. చెప్పలేవని ఇప్పటికే తేలింది. మిరపకాయలు చెబుతాయి. పొయ్యి ఉంటే ప్రతి శుక్రవారం గోడ సంగతి తెలుస్తుంది, పొయ్యి తీసేస్తే ఎవరికీ తెలియదు. దానికి వాళ్ళు ఒప్పుకున్నారు. ఇవాళ పొయ్యి వెలిగించి చూద్దాం అన్నారు. గోడ బాగుంటే పొయ్యి ఉంటుంది. ఘాటు మళ్ళీ గోడలోకి పోతే పొయ్యీ, హోటలూ అక్కడి నుంచి ఎత్తేస్తారు.

నన్ను పిలవడానికి ఆయనే మా ఇంటికి వచ్చాడు. పరీక్ష అన్నాడు.

"పరీక్షలకి నేను రాను నాయనా. దిష్టి తీయమంటే వస్తా. పోయినసారి నువ్వు చూసి చెడగొట్టావుగా, అది ఇంకా అట్టనే ఉంది."

"ఇంకా దిష్టేనా మామ్మగారూ? గోడలో కన్నం కళ్ళారా చూశారు కదా!"

"కన్నం లేదన్నానా? ఇన్నేళ్ళు పడని కన్నం, ఆ భూమ్మీదోళ్ళు సోలమ్మ చేతులు చూసి నోళ్ళు తెరిచినాకే ఎందుకు పడింది? అది చెప్పు ముందు."

కంపం అని ఏదో అన్నాడు. కంపం మాత్రం ఊరికే వస్తుందా అన్నాను. నవ్వాడు.

హోటల్లో ఇవాళ ఎవరూ తినలేదు. తినే ధైర్యం లేదు. బాజీ పొయ్యి వెలిగించి, పక్కకు జరిగి నిలబడ్డాడు. సోలమ్మను కూర్చోబెట్టాను. దాని చేతులు చల్లగా ఉన్నాయి. నా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దాను. తిప్పాను, ఉమ్మించాను, పెనం మీద వేశాను. అందరూ మొహాలు అటు తిప్పుకున్నారు. పరాంకుశాన్ని చూస్తూ, "నీది ఉద్యోగం కాబట్టి చూడు. మిగతావాళ్ళు ఇటు తిరిగారంటే మక్కెలిరగదన్నుతా," అన్నాను.

చిటపటలు. తర్వాత ఏమీ లేదు. ఎవరో మింగిన గుటక వినపడింది. ఇంకా ఏమీ లేదు. బాజీ గోడకు తల ఆనించడం కంటి కొసన కనిపించింది. నా మాట నిజమవాలని ఇన్ని రోజులు కొట్లాడాను. ఇప్పుడు ఘాటు రాకపోతే దిష్టి ఇంకా ఉందని నేనే చెప్పాలి, పొయ్యి పోయిందని వాళ్ళు చెబుతారు.

అప్పుడు సువార్తమ్మ తుమ్మింది.

ఆ వెంటనే దగ్గింది. దాని పక్కావిడ దగ్గింది. ఎవరి పిల్లాడో ఏడుపు అందుకున్నాడు. నా గొంతులో నిప్పు కణిక దిగినట్టయింది. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. హోటలంతా వంగి, బల్లలు పట్టుకుని, ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ దగ్గింది. దగ్గుతూనే నవ్వింది. బాజీ సోలమ్మను ఎత్తుకున్నాడు. బరువు తక్కువ చోటు కాబట్టి అది పైకప్పు దాకా పోయి, దగ్గుతూ, కాళ్ళు తన్నుకుంటూ మెల్లగా కిందికి వచ్చింది.

పరాంకుశం ఫోను చెవికి పెట్టుకున్నాడు. మందిరంలో మనిషి ఏమీ వాసన లేదంటున్నాడు కాబోలు. మాతో ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు, దగ్గు తప్ప మాట రాలేదు. రెండుసార్లు ప్రయత్నించాడు. చివరికి పొయ్యి కాలికి వేలాడుతున్న సీలు కాగితాన్ని పీకి, ఉండచుట్టి, జేబులో వేసుకున్నాడు.

"పోయిందత్తా?" అని అడిగింది సోలమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"పోయిందే," అన్నాను. "మూత పెట్టించు. పిండి పిసుకు."

కేసు లేకపోయినా నేను చెప్పుకోవలసింది అయిపోయింది. రాతపెట్టెను ఆపేస్తున్నాను. మొదటి రొట్టె పొంగుతోంది, ఈ పరాంకుశం దానివైపే చూస్తున్నాడు, అది నాది.